గేరు నూనె వాసన

అన్యాయం ఎవరికి జరిగింది? నిదానం అని ఊరంతా పిలిచిన మా డ్రైవరుకు జరిగింది. ఎలా జరిగింది? అతడు చేయని తప్పును చేశానని అతడి చేతే సంతకం పెట్టించి, నలభై ఏళ్ల పాటు ఆ తప్పును అతడి నెత్తిన ఉంచడం వల్ల జరిగింది. చేసినదెవరు? మా తమ్ముడు. అందులో అతడి అక్కనైన నా చేయి కూడా ఉంది. ఈ మూడు సంగతులూ మొదటే చెప్పేస్తున్నాను. మా ఇంట్లో ఏ సంగతి మాట్లాడుకున్నా తప్పు చేసినవాడు మాటల మధ్య ఎక్కడో జారిపోతాడు. తప్పు మాత్రం మిగులుతుంది. అది ఈసారి జరగకూడదు.

నలభై ఏళ్ల కిందట మా జీపు ఎగువ వీధి నుంచి బజారులోకి దిగే వాలులో ఆగలేదు. కింద కూరగాయల బళ్లూ, వాటి చుట్టూ జనమూ ఉన్నారు. నిదానం బండిని వాళ్ల మీదికి పోనివ్వకుండా ఎడమకు తిప్పి ఒక గోదాము గోడకు కొట్టించాడు. ముందు సీటులో ఎడమ పక్కన కూర్చున్న తమ్ముడి భార్య, నా మరదలి మోకాలు నుగ్గయింది. ఈనాటికీ ఆమె ఆ కాలును చేత్తో ఎత్తి మంచం మీద పెట్టుకోవలసిందే. వెనక సీటులో ఉన్న వాళ్ల కొడుకు, నా ఎనిమిదేళ్ల మేనల్లుడికి నుదుటి మీద గీత పడింది. మర్నాడు నిదానం, అజాగ్రత్త వల్లా మితిమీరిన వేగం వల్లా ఈ ప్రమాదం తన చేతిలో జరిగిందని ఒక కాగితం మీద సంతకం చేశాడు. వేగం! మలుపు ఇంకా కనపడకముందే ఆగి, హారను మోగించి, అవతలివాడు జవాబిస్తాడేమోనని కాసేపు చూసి గానీ కదలని మనిషి అతడు. అతడి బండి ఎక్కితే కొట్లు తెరిచే వేళకు బయలుదేరి మూసే వేళకు చేరతామని మేమే ఎగతాళి చేసేవాళ్లం. అదే మేము వేగం అన్న మాటను నమ్మాం.

తమ్ముడు జీపును రెండు రోజుల్లోపే ఈడ్పించి తెచ్చి పెరటి షెడ్డులో పెట్టి తాళం వేశాడు. అది భార్య కళ్లబడకూడదన్నాడు. ఎంత ప్రేమ అనుకున్నాం. దానిని అమ్మనూ లేదు, బాగు చేయించనూ లేదు. ఎవరైనా అడిగితే ముఖం చిట్లించేవాడు.

ఈ ఏడు తమ్ముడు కంటి ఆపరేషనుకు కూతురి ఇంటికి వెళ్లాడు. మూడు వారాలు రాడు. ఆ మూడు వారాల్లో జీపును నిలబెట్టి, తండ్రి కట్టు విప్పుకుని ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు ఉంచాలని మేనల్లుడికి బుద్ధి పుట్టింది. వాడు నీటి సరఫరా కార్యాలయంలో ఇంజనీరు. గొట్టాలంటే ప్రాణం. సెలవు పెట్టి, షెడ్డు తాళాన్ని ఆకురాయితో కోసి, జీపును పెరట్లోకి తోయించి, నాలుగు మూలలా కలప దిమ్మెల మీద ఎక్కించాడు.

ఆ బండిలో నుంచి బయటపడిన రోతను రాయాలంటే చేయి రావడం లేదు, కానీ రాయాలి. సీట్ల కింద ఎలుకలు మూడు తరాలు కాపురం చేశాయి. అవి కొరికి పోసిన పీచు, వాటి పెంటికలు, వాటిలో ఒకదాని ఎండిన కళేబరం కలిసి ఒక్క ముద్దయి ఉన్నాయి. గేరు పెట్టెలోకి నీరు దిగి, లోపలి నూనె పాలు విరిగిన కాఫీలా తయారైంది. వెనక ఇరుసు మధ్య ఉండే గుండ్రటి పెట్టె అడుగు మర విప్పినప్పుడు, నల్లటి జిగురు ఒకటి బయటకు రావాలా వద్దా అన్నట్టు వేలాడి, చివరకు బేసినులోకి జారింది. దాని వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. కుళ్లిన గుడ్లనూ కాలిన రబ్బరునూ కలిపి నూరితే వచ్చే కంపు అది. గేరు నూనెలో గంధకం కలుపుతారని, పళ్లు అరగకుండా ఉండటానికి అలా చేస్తారని మేనల్లుడు చెప్పాడు. వంటింటి కిటికీలోంచి మరదలు, తన అన్నం తన నోటికి పోనివ్వరా అని అడిగి కిటికీ మూసుకుంది. ఆ కిటికీ మూయడానికి ముందు నిదానం పేరు ఎత్తి, వాడి చేతులు పడిపోను అని ఒకసారి తిట్టింది కూడా. ఆ తిట్టు ఆమెకు తుమ్మువంటిది. రోజుకు ఒకటి రెండు రావలసిందే.

ఇరుసులూ షాఫ్టులూ విప్పి, బేరింగులు కిరసనాయిలులో కడిగి, గేరు పళ్లను బ్రష్షుతో రుద్దడానికి వారం పట్టింది. భోజనాల బల్ల మీద పాత పత్రికలు పరిచి, విప్పిన ప్రతి ముక్కకూ దారంతో అట్ట ముక్క కట్టి, దాని మీద పేరు రాసే పని నాకు అప్పగించాడు. నాకు కంటిచూపు ఇంకా తగినంత ఉంది, చేతిరాత అంతకన్నా బాగుంది.

తరువాత బ్రేకులకు వచ్చాడు. వెనక చక్రాల బ్రేకు డ్రమ్ములు ఇరుసుకు అతుక్కుపోయి మూడు రోజులు కదలలేదు. ఊడలాగే పుల్లర్ బిగించి, వేడి చేసి, సుత్తితో కొట్టి, నాలుగో రోజు ఉదయం మొదటిది ఊడబెరికాడు. లోపల, డ్రమ్మును ఒత్తి బండిని ఆపే బ్రేకు షూలు నల్లగా నూనె తాగి మెరుస్తున్నాయి. ఆ షూలను తోసే చక్రపు సిలిండరు విప్పి, అందులోని చిన్న రబ్బరు గిన్నెలను పుల్లతో బయటికి లాగాడు. అవి గిన్నెల్లా లేవు. వానలో మొలిచిన కుక్కగొడుగుల్లా ఉబ్బి, మెత్తబడి, వేలికి అంటుకున్నాయి. వాటితో పాటు మళ్లీ ఆ కంపే వచ్చింది.

"ఇది బ్రేకు నూనె వాసన కాదు కదరా," అన్నాను.

ఇరుసు చివర నూనెను ఆపే రబ్బరు సీలు పాడైతే గేరు నూనె డ్రమ్ములోకి కారుతుందని, అదే ఇక్కడా జరిగి ఉంటుందని వాడు తేలిగ్గా చెప్పాడు. సబబుగానే ఉంది. కానీ కారిన నూనె సిలిండరు బయట ఉండాలి. బిగుసుకుని ఉన్న సిలిండరు లోపలికి ఎలా చేరింది? వాడు చెవి వెనక గోక్కున్నాడు. ముందు చక్రాలు విప్పాడు. అక్కడా అవే కుక్కగొడుగులు. అప్పుడు వాడి ముఖంలో నవ్వు పోయింది. డ్రైవరు కాలి కింద, చెక్క పలక అడుగున, నాలుగు చక్రాలకూ బ్రేకు నూనె పంపే పెద్ద సిలిండరు ఉంటుంది. ఏ ఇరుసు నూనె అయినా ఎంత ఎగిరినా అక్కడికి చేరదు. దాని మూత తీసి, ఇద్దరం తల వంచి వాసన చూశాం. అక్కడా అదే కంపు.

నేను రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోసి తెచ్చాను. ఒకదానిలో వాడు కొత్తగా కొన్న బ్రేకు నూనె నాలుగు చుక్కలు వేయించాను. అది నీటిలో కలిసిపోయింది. రెండో దానిలో పెద్ద సిలిండరు అడుగు నుంచి తీసినది వేయించాను. అది నల్లటి కళ్లలా పైకి తేలి, గ్లాసు అంచుకు అంటుకుని అక్కడే నిలబడింది. గేరు నూనె తగిలితే బ్రేకు రబ్బరు పది రోజుల్లో ఉబ్బి పనికిరాకుండా పోతుందని, ఏ మెకానిక్కునడిగినా చెబుతాడని మేనల్లుడు గొంతు తగ్గించి అన్నాడు. ఆ తరువాత, ప్రమాదం రోజు వెనక సీటులోంచి తాను చూసినది చెప్పాడు. నిదానం కుడికాలు పెడలును దబదబ కొడుతూనే ఉందట. పెడలు పలకకు ఆనుకుపోయి పైకి రాలేదట. అప్పట్లో ఈ మాట చెబితే, పిల్లవాడు భయపడి ఏదో అంటున్నాడని వాణ్ణి పడుకోబెట్టారట. పడుకోబెట్టినది నేనే.

ఆ తరువాత జ్ఞాపకాలు ఒక్కొక్కటీ వాటంతటవే వరుసలోకి వచ్చాయి. ప్రమాదానికి ముందు నిదానం భార్య కాన్పని రెండు వారాలు సెలవు మీద వెళ్లాడు. ఆ రోజుల్లో తమ్ముడే బండి నడిపాడు. బండిలో నూనెలన్నీ తానే నింపుకున్నానని, ఆ మాత్రం పనికి డ్రైవరెందుకని భోజనాల దగ్గర గొప్పగా చెప్పుకున్నాడు. తిరిగొచ్చిన నిదానం, బ్రేకు ఎప్పటిలా లేదని, పట్టుకుని వదలడం లేదని మూడుసార్లు చెప్పాడు. నీ నడకకు బ్రేకెందుకురా అని తమ్ముడు నవ్వాడు. ప్రమాదం జరిగిన మర్నాడు ఒక మెకానిక్కు వచ్చి పావుగంట బండి కింద పడుకుని, లేచి, తమ్ముణ్ణి పక్కకు తీసుకెళ్లి మాట్లాడాడు. ఆ సాయంత్రమే షెడ్డుకు తాళం పడింది.

ఆ సాయంత్రమే తమ్ముడు నా గదిలోకి వచ్చి, నిదానం తప్పు ఒప్పుకున్నాడని, వాడికి రాయడం సరిగా రాదని, కాస్త గౌరవంగా ఉండేలా నాలుగు వాక్యాలు రాసిపెట్టమని అడిగాడు. రాసిపెట్టాను. అజాగ్రత్త, మితిమీరిన వేగం అన్న మాటలు నావి. ఎదుటి మనిషిని పిలిచి ఒక్క ప్రశ్నయినా వేయకుండా, కామాలూ చుక్కలూ మాత్రం సరిచూసుకుని రాశాను. ఇదంతా గుర్తుకొచ్చినప్పుడు నా మీద నాకు కలిగిన ఏవగింపు ముందు ఆ ఎలుక కళేబరం శుభ్రమైన వస్తువనిపించింది.

తమ్ముడు అనుకున్నదానికంటే నాలుగు రోజులు ముందే వచ్చాడు. కంటికి పచ్చటి అద్దాలు పెట్టుకుని పెరట్లో దిమ్మెల మీదున్న జీపును చూశాడు. కొడుకును మెచ్చుకోలేదు. తాళం ఎవరు తీశారని అడిగాడు. నేను అతణ్ణి భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆ గ్లాసును ముందు పెట్టి, ఇదేమిటని అడిగాను. ఇరుసు సీలు కారి ఉంటుందన్నాడు. ఎవరూ సీలు మాట ఎత్తకముందే దాని పేరు అతడి నోట సిద్ధంగా ఉంది. పెద్ద సిలిండరులో నుంచి తీశామని చెప్పాను. అయితే ఆనాడు కొన్న బ్రేకు నూనే కల్తీదై ఉంటుందన్నాడు. ఆ తరువాత నలభై ఏళ్ల కిందటి సంగతి ఎవరికి గుర్తుంటుందన్నాడు. ఆపరేషనైన కంటికి ఒత్తిడి పనికిరాదన్నాడు. ఒక మనిషి ఒకే కుర్చీలో కూర్చుని ఇన్ని చోట్లకు పారిపోవడం నేను ఎన్నడూ చూడలేదు.

"మెకానిక్కు నీకేం చెప్పాడు?" అని అడిగాను.

అతడు అద్దాలు సవరించుకుని, "బ్రేకులో గేరు నూనె ఎవరు పోశారని అడిగాడు," అన్నాడు. "నూనె నూనే కదా అనుకున్నానక్కా. డబ్బా చేతికందింది, పోశాను. కావాలని చేశానా?"

"పోయడం తెలియక చేశావు. మరి సంతకం?"

అతడు వంటింటి తలుపు వైపు చూశాడు. అక్కడ మరదలు నిలబడి ఉంది. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. తాను భార్యకు ముఖం చూపించలేకపోయానని, ఆ రోజు నిజం చెబితే ఆమె తనతో ఉండేది కాదని, ఇదంతా కాపురం నిలబడటానికే చేశానని నాకు చెబుతున్నట్టుగా ఆమెకు చెప్పాడు. తన పిరికితనాన్ని ఆమె ఒడిలో పెట్టి చేతులు దులుపుకోబోయాడు.

మరదలు గొంతు పెంచలేదు. "నలభై ఏళ్లుగా వాణ్ణి తిట్టాను. మీ ఎదురుగానే తిట్టాను. మీరు అన్నం కలుపుకుంటూ విన్నారు," అంది.

ఆ పూట నుంచే తన మంచం నా గదిలోకి మార్పించుకుంది. అతడికి వడ్డించడం మానలేదు. కానీ గరిటెను పళ్లానికి తగలనివ్వకుండా, పై నుంచి జారవిడిచేది.

నిదానం ఎక్కడున్నాడో వెతకడం కష్టం కాలేదు. ఊళ్లో ఎవరూ బండి ఇవ్వకపోతే ఒక కలప డిపోలో చేరి, ఇతరులు నడిపే లారీలకు గేటు కర్ర ఎత్తుతూ దించుతూ ముప్ఫై ఏళ్లు గడిపాడు. ఇప్పుడు కూతురి దగ్గర ఉంటున్నాడు. ఆమె దర్జీ. ముందు గదిలో మిషను, వెనక గదిలో ఆయన మంచం. నేనూ మేనల్లుడూ వెళ్లినప్పుడు ఆయన కత్తిరించిన గుడ్డల అంచులను రంగుల వారీగా ఏరి పెడుతున్నాడు. లేచి నిలబడలేదు. కూర్చోమని కూతురితో స్టూలు వేయించాడు.

నేను జరిగినదంతా చెప్పాను. కాగితంలోని మాటలు నావని కూడా చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. పెడలు తొక్కినప్పుడే అందులో పడకూడనిది ఏదో పడిందని తెలిసిందన్నాడు. ఏం పడిందో మాత్రం ఇవాళే తెలిసిందన్నాడు. సంతకం చేయకపోతే పోలీసులకు అప్పగిస్తానని అయ్యగారు అన్నారని, అప్పటికి బిడ్డ పుట్టి పన్నెండు రోజులని చెప్పాడు. ఆ బిడ్డ మిషను ఆపి మా వైపు చూసింది. మళ్లీ కుట్టడం మొదలుపెట్టలేదు.

మేనల్లుడు ఏడుపు ఆపుకుంటూ, తాను ఏం చేయగలనో చెప్పమన్నాడు. ఇంట్లో నుంచి నెలనెలా ఏదైనా పంపుతామన్నాడు. నిదానం తల అడ్డంగా ఊపాడు.

"మీ నాన్నగారు ఆ కాగితం ఇంట్లో దాచుకోలేదు బాబూ. దాన్ని తీసుకొచ్చి మా జీపుల అడ్డాలో, డ్రైవర్లందర్నీ పిలిచి, నన్ను పక్కన నిలబెట్టి చదివారు. అందుకే నాకు మళ్లీ ఎవరూ తాళాలు ఇవ్వలేదు," అన్నాడు. తరువాత నా వైపు తిరిగాడు. "నిజం కాగితం మీద పెట్టండి అమ్మగారూ. మీరు బాగా రాస్తారు. అక్కడే, నేను పక్కన ఉండగా, ఆయన నోటితో చదివించండి. నాకు ఇంకేం అక్కర్లేదు."

అడ్డాలో చదివిన సంగతి నాకు అంతవరకు తెలియదు. తెలియకపోవడం నాకు సాకు కాదు.

తమ్ముడు ఒప్పుకోలేదు. ఇంటికి పిలిపిస్తే చేతులు పట్టుకుంటానన్నాడు. తలుపులు వేసి ఎంతసేపైనా క్షమాపణ చెబుతానన్నాడు. జీపునే వాడికి ఇచ్చేద్దామన్నాడు. దొంగిలించిన పేరుకు బదులు తుప్పు పట్టిన ఇనుము! రోడ్డున పోయేవాళ్ల ముందు ఈ వయసులో నవ్వులపాలు కాలేనన్నాడు. నిదానం ఆనాడు ఏ వయసులో నవ్వులపాలయ్యాడో అతడు లెక్కలోకి తీసుకోలేదు.

ఈ లోపల మేనల్లుడు పని ఆపలేదు. ఇప్పుడు వాడు తండ్రి కోసం చేయడం లేదు. పాత రబ్బర్లు, రబ్బరు గొట్టాలు, లోపల గీతలు పడిన సిలిండర్లు అన్నీ తీసి పారేశాడు. ఉన్న ఇనప గొట్టాలను స్పిరిటుతో మూడుసార్లు కడిగి, వాసన పోయిందో లేదో ప్రతిసారీ నన్ను చూడమన్నాడు. రెండుసార్లు పోలేదన్నాను. బ్రేకు షూలకు కొత్త లైనర్లు వేసి, డ్రమ్ములు ఎక్కించి, చివరకు గొట్టాల్లోని గాలిని వెళ్లగొట్టే పనికి నన్ను డ్రైవరు సీటులో కూర్చోబెట్టాడు. చక్రం దగ్గర పడుకుని వాడు తొక్కమంటే తొక్కాను, పట్టుకోమంటే పట్టుకున్నాను, వదలమంటే వదిలాను. మొదట పెడలు బురదలో దిగినట్టు దిగింది. నాలుగు చక్రాలూ అయ్యేసరికి నా పాదం కింద రాయిలా నిలిచింది. కిందికి పోతూనే ఉండే పెడలు మీద ఒక మనిషి కాలు ఎలా కొట్టుకుని ఉంటుందో అప్పుడు నాకు అర్థమైంది.

ఇంజనూ పలికి, పెరట్లో బండి మొదటిసారి కదిలి, మొదటిసారి ఆగిన రోజు మరదలు చేతికర్రతో వచ్చి భర్త ఎదురుగా నిలబడింది.

"రేపు పొద్దున పదిగంటలకు నేను అడ్డాకు వెళుతున్నాను. కాగితం వదిన రాసేసింది. మీరు వస్తే మీరే చదవండి. రాకపోతే నేను చదువుతాను, ఈ కాలు చూపించి మరీ చదువుతాను," అంది.

తమ్ముడు నా వైపు చూశాడు. అక్కగా అడ్డుపడతానని అనుకున్నాడేమో. నేను కాగితం మడతపెట్టి అతడి చేతికిచ్చాను.

మర్నాడు మేనల్లుడు నడిపాడు. మరదలు పట్టుబట్టి ముందు సీటులోనే కూర్చుంది. ఎగువ వీధి వాలు మొదలవగానే ఆమె చేయి ఎదుటి ఇనప కమ్మీని పట్టుకుంది. కిందికి చేరేదాకా వదలలేదు. బండి ఎక్కడ ఆపాలంటే అక్కడ ఆగింది.

అడ్డాలో ఇప్పుడు జీపులు తక్కువ, వ్యాన్లు ఎక్కువ. ఆ రోజుల నాటి డ్రైవర్లు ముగ్గురే మిగిలారు. సిమెంటు బెంచీ మీద ఎండకు కూర్చుని ఉన్నారు. కబురందుకున్న నిదానం కూతురి భుజం పట్టుకుని నడిచి వచ్చి వాళ్ల ముందు నిలబడ్డాడు. కుర్ర డ్రైవర్లు ఫోన్లు చూసుకుంటూ చుట్టూ చేరారు.

తమ్ముడు కాగితం విప్పి, గొణుగుతున్నట్టు, వాక్యాలను మింగేస్తూ చదివాడు. ఎవరికీ ఒక్క ముక్క అందలేదు. బెంచీ మీది ముసలివాడొకడు చెవి దగ్గర అరచేయి పెట్టుకుని, ఏమంటున్నాడని పక్కవాణ్ణి అడిగాడు. తమ్ముడు కాగితం మడవబోయాడు.

"మళ్లీ చదవండి. ఆనాడు ఆ టీకొట్టు దాకా వినపడేలా చదివారు," అన్నాడు నిదానం.

తమ్ముడు మళ్లీ చదివాడు. బ్రేకు నూనె పోయవలసిన చోట గేరు నూనెను తానే పోశానని చదివాడు. బ్రేకు బాగాలేదని డ్రైవరు మూడుసార్లు చెప్పినా నవ్వి పంపానని చదివాడు. ప్రమాదం మర్నాడే నిజం తెలిసి కూడా దానిని దాచి, బెదిరించి, అబద్ధం మీద సంతకం చేయించానని చదివాడు. వాలులో బండిని గోడకు తిప్పి బజారులోని జనాన్ని కాపాడినది డ్రైవరేనని చదివాడు. ఆనాటి అబద్ధాన్ని విచారించకుండా రాసిపెట్టినది తన అక్క అని, ఆమె ఇక్కడే ఉందని చదివాడు. నేను ముందుకు వచ్చి నిలబడ్డాను. ఒక కుర్రవాడు ఫోను జేబులో పెట్టుకున్నాడు. టీకొట్టువాడు గ్లాసు కడగడం ఆపి వింటున్నాడు. చదవడం పూర్తయ్యాక తమ్ముడు తలెత్తి నిదానం వైపు చూశాడు. పోనివ్వండి అయ్యగారూ అన్న మాట కోసం ఎదురుచూశాడని నాకు తెలుసు. ఆ మాట రాలేదు.

నిదానం కాగితం అడిగి తీసుకుని, మా ఇద్దరి సంతకాలూ ఉన్నాయో లేదో చూసుకుని, కూతురికి ఇచ్చాడు.

"మొత్తం తీరింది. ఇక నాకు మీరు బాకీ లేరు," అన్నాడు.

బెంచీ మీది ముసలివాళ్లలో చివరివాడు కర్ర పక్కకు పెట్టి కొంచెం జరిగాడు. నిదానం వెళ్లి ఆ ఖాళీలో కూర్చున్నాడు.